మామగారి నోటికి తగిన పైపు

కట్టుడు పళ్ళు చేసే అల్లుడు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారు మొహం కడుక్కునే వేళకు వెళ్ళి, మెరుగు పెడతానని చెప్పి ఆయన పళ్ళ సెట్టు తీసుకోవాలి. కాసేపట్లో తన పని చూసుకుని తిరిగి ఇచ్చెయ్యాలి. సాయంత్రం ఆయన చేతిలో ఒక కొత్త పైపు పెట్టి, పెళ్ళైన నాటి నుంచి గొంతులోనే ఉండిపోయిన ఒక్క మాట చెప్పాలి. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుంది అనుకున్నాడు. అలా అనుకున్నవాళ్ళనే తప్పు వెతుక్కుంటూ వస్తుంది.

అల్లుడు పుట్టుకతో పళ్ళవాడు కాదు. ఒకప్పుడు ఇళ్ళ పైకప్పులకు ప్లాస్టరు పువ్వులు పోసి బతికేవాడు. ఒకరోజు ప్లాస్టరు చాలక, బదులు అడుగుదామని, అప్పట్లో మామగారు పళ్ళు కట్టే ఈ పనిగదికి వచ్చాడు. అచ్చులో బుడగ రాకుండా పోసే అతని ఒడుపు చూసి పెద్దాయన, "ఒరేయ్ అబ్బాయ్, పువ్వులెన్నాళ్ళుంటాయిరా, పళ్ళు పొయ్యి" అన్నాడు. పని నేర్పాడు. తర్వాత కూతుర్నిచ్చాడు. తర్వాత తన కుర్చీ కూడా ఇచ్చి, తను కిటికీ పక్కన మూలకు జరిగాడు. కొత్త చేతికి నోరప్పగించడానికి ఊళ్ళో ఎవరూ ముందుకు రాకపోతే, అప్పటికే బోసిపోతున్న తన నోరే తెరిచి కూర్చుని, "ముందు నాకు కట్టు. నేను నవ్వుకుంటూ తిరిగితే జనం వాళ్ళే వస్తారు" అన్నాడు. అలాగే తిరిగాడు, జనం అలాగే వచ్చారు.

పెళ్ళి తర్వాత మారినవి రెండే. "ఒరేయ్" కాస్తా "అల్లుడుగారూ" అయింది. రెండోది పైపు. మూలకుర్చీలో కూర్చున్న రోజు నుంచీ మామగారి పళ్ళ మధ్య ఒక పొడవాటి తిన్నని పైపు కనిపించేది. అందులో పొగాకు ఉండదు, నిప్పు ఉండదు. పొగ తాగడం ఆయన ఎప్పుడో మానేశాడు. ఉత్త పైపును పొద్దున్నుంచి తలుపులు మూసేదాకా అలా పట్టుకుని కూర్చునేవాడు. మాట చాలా తగ్గిపోయింది. అల్లుడు కృతజ్ఞత చెప్పుకుందామని ఎప్పుడు దగ్గరికి వెళ్ళినా ఆ పైపును చూసి, పాపం ఆయన సుఖంగా ఉన్నాడు, కదిలించడమెందుకని వెనక్కి వచ్చేవాడు.

సుఖం అంత సుఖంగా లేదని అతనికి ఈమధ్యే తెలిసింది. సాయంత్రాలు మామగారు దవడ రుద్దుకుంటున్నారు. పళ్ళ పనివాడు దానికి కారణం ఇట్టే పట్టేశాడు. పొగాకు కూరే బరువైన గిన్నె పైపు చివర అంత దూరాన ఉంటే, దాన్ని మోసే పన్ను ఏమవుతుంది? ముందురోజే పొగాకు దుకాణానికి వెళ్ళాడు. దుకాణదారు రెండు రకాలు తీసి గాజు బల్ల మీద పెట్టి ఓపిగ్గా చెప్పాడు. తిన్ననిది చేత్తో పట్టుకునేవాళ్ళకు హాయి, లోపల తుడుచుకోవడం కూడా తేలిక. పంటితో పట్టుకునేవాళ్ళకు వంపుది మేలు, గిన్నె గడ్డం దగ్గరే వేలాడుతుంది కనుక బరువు తెలియదు.

"ఇంతకీ ఎవరి సుఖానికండీ?" అని అడిగాడు.

"మా మామగారికి."

"అయితే ఆయన నోరు తీసుకురండి, చూసి చెప్తాను."

దుకాణదారు హాస్యానికి అన్నాడు. పళ్ళు చేసేవాడి దగ్గర ఆడవలసిన హాస్యం కాదది. అల్లుడు నిజంగానే ఆలోచించి, నోరు తీసుకురావడం కంటే పైపులు తీసుకెళ్ళడం తేలికని తేల్చాడు. ఎరిగినవాడే కాబట్టి దుకాణదారు మర్నాటి సాయంత్రంలోగా ఒకటి తిరిగి ఇమ్మని చెప్పి రెండూ ఇచ్చాడు.

మామగారి పళ్ళు చేతికొచ్చాక మిగతాది చకచకా జరిగింది. పనిగదిలో ఒక ఇత్తడి చట్రం ఉంది. పై దవడనూ కింది దవడనూ దానికి బిగిస్తే అచ్చం నోటిలాగే తెరుచుకుని మూసుకుంటుంది. అందులో మామగారి పళ్ళు పెట్టి, ముందు తిన్నని పైపు కరిపించాడు. కింది వరస ముందుకు ఒరిగి, వెనకవైపు లేచింది. పైపు జారి బల్ల మీద పడింది. పళ్ళను బిగించి నొక్కి పట్టుకుంటే తప్ప నిలవడం లేదు. వంపు పైపు పెట్టాడు. అది చట్రానికి తగిలించిన తాళంచెవిలా కదలకుండా వేలాడింది. మామగారు ఇన్నాళ్ళూ ఎంత బాధ పంటి బిగువున భరించారో అల్లుడికి కళ్ళకు కట్టింది. పళ్ళు పైకెత్తి చూస్తే ఎడమవైపు పైపు ఒరిసి ఒరిసి గాడి కూడా పడి ఉంది.

అంతలో వరండాలో మామగారి దగ్గు వినిపించింది. అల్లుడు పైపులు రెండూ బీరువాలో దాచి, పళ్ళు కడిగి ఒక తెల్ల డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను బల్ల మీద ఉంచి, ఎదురుపడితే మొహం చూసి పట్టేస్తారన్న భయంతో పెరటిగుమ్మంలోంచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. డబ్బాను బల్లకు కుడి అంచున ఉంచాడు. అదే అతను చేసిన పొరపాటు.

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. సగంలో ఉన్న పని బల్ల ఎడమవైపు, అయిపోయిన పని కుడి అంచున. కుడి అంచున ఉన్నదాన్ని ఎవరినీ అడగక్కర్లేకుండా కౌంటరు దగ్గరున్న మనిషి తీసి ఇచ్చెయ్యొచ్చు. ఈ పద్ధతి పెట్టింది మామగారే. కౌంటరు దగ్గరుండేది ఆయన కూతురే.

అప్పుడే బ్యాండు మాస్టారు వచ్చాడు. ఆ సాయంత్రం పార్కులో ఆయన క్లారినెట్టు కచేరీ. కొత్త పళ్ళు ఇవాళ ఇస్తామన్నారు, త్వరగా ఇస్తే అలవాటు చేసుకుంటానని తొందర పెట్టాడు. కూతురు లోపలికి వచ్చి కుడి అంచున ఉన్న డబ్బా తీసుకెళ్ళింది. మూలకుర్చీలో బోసినోటితో కూర్చున్న తండ్రి ఆమె వెనకే తల తిప్పాడు. కౌంటరు మీద ఆమె డబ్బా మూత తీసింది. గాడి పడిన తన పళ్ళను ఆయన కూర్చున్నచోటినుంచే గుర్తుపట్టాడు.

మామూలు మనిషైతే కేక వేసేవాడే. కానీ ఈ గదిలో రెండు మాటలు ఉండకూడదని కుర్చీ ఇచ్చిన రోజే ఆయన తనకు తాను ఒట్టు పెట్టుకున్నాడు. నోరు తెరవాలనిపించినప్పుడల్లా చేసినట్టే, అలవాటుగా పైపు తీసి నోట్లో పెట్టుకున్నాడు. పళ్ళు లేవు. పైపు ఒళ్ళోకి, అక్కణ్ణుంచి నేల మీదికి పడి, కాడ నిలువునా చీలింది. ఆయన వంగి దాన్ని ఏరుకుని లేచేలోగా బ్యాండు మాస్టారు ఆ పళ్ళు పెట్టుకుని నోరు మూసుకున్నాడు. అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. మామ పళ్ళు దానం చేసిన అల్లుడి గురించి పెద్దలు ఏమీ చెప్పిపోలేదు.

"పరాయి పళ్ళు పెట్టుకున్నట్టుగా ఉందమ్మా" అన్నాడు బ్యాండు మాస్టారు.

కొత్త సెట్టు పెట్టుకున్న ప్రతివాళ్ళూ అదే మాట అంటారు. ప్రతివాళ్ళకూ కూతురు చెప్పే జవాబు ఒకటే. "మొదట్లో అలాగే ఉంటుందండీ. ఓర్చుకోవాలి. సాయంత్రందాకా ఎవరేం చెప్పినా తియ్యకండి." ఆయన బుద్ధిగా తలూపి, మింగలేక కక్కలేక అన్నట్టున్న మొహంతో వెళ్ళిపోయాడు. అల్లుడుగారికి ఏదో లెక్క ఉండే ఉంటుందని తనకు తాను చెప్పుకుని, మామగారు విరిగిన పైపు జేబులో వేసుకుని గది వెనకే ఉన్న ఇంట్లోకి నడిచాడు.

ఆ లెక్క ఏమిటో ఆయనకు వంటింటి గుమ్మం దగ్గర తెలిసిపోయింది. తెలిసిపోయిందని ఆయన అనుకున్నాడు. ఖాళీ డబ్బాల కోసం బీరువా తెరిచిన కూతురికి రెండు కొత్త పైపులు దొరికాయి. భర్త చాటుగా పొగ మొదలుపెట్టాడని ఆమె నేరుగా తల్లి దగ్గరికి వచ్చింది. ఒకటి కాదమ్మా, రెండు, అని కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. అత్తగారు భర్త వైపు తిరిగి, "కుర్చీ మీరే ఇచ్చారు, పని మీరే ఇచ్చారు. ఇక మిగిలింది పైపు, అదీ అల్లుడుగారే పట్టుకున్నారు. మిమ్మల్ని చూసే నేర్చుకున్నారు" అంది.

కోపంలో అన్న మాట. కానీ మామగారి మనసులో అది ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. పొద్దున్నే పళ్ళు తీసేసుకున్నారు. తన కళ్ళముందే వాటిని వేరొకరికి ఇచ్చేశారు. బీరువాలో కొత్త పైపులు సిద్ధంగా ఉన్నాయి. అంటే మూలకుర్చీ కూడా ఖాళీ చెయ్యమని మర్యాదగా చెబుతున్నారన్నమాట. అల్లుడు మంచివాడు, నోటితో అనలేక ఇలా చేశాడు. ఆయనకు కోపం రాలేదు, అదే అసలు చిక్కు. కోపం వస్తే ఇంట్లోనే ఉండి పోట్లాడేవాడు. పెట్టె తీసి, తమ్ముడింటికి పోయి కొన్నాళ్ళు ఉండొస్తానని బోసినోటితో చెప్పి బట్టలు సర్దడం మొదలుపెట్టాడు. ఆయనకు తువ్వాలు ఎక్కడుందో కూడా తెలియదు గనక తనూ రాక తప్పదని అత్తగారు తన చీరలు కూడా అదే పెట్టెలో కుక్కింది.

చేతులు ఇంత సేపు కడుక్కున్న మనిషి ఆ ఊళ్ళో లేడు. అల్లుడు తిరిగొచ్చి చూస్తే కుడి అంచు ఖాళీ. ఎడమవైపు, గాలికి ఆరుతున్న బ్యాండు మాస్టారి సెట్టు పళ్ళికిలించి అతన్నే చూస్తోంది. విషయం అర్థం కావడానికి రెండోసారి చూడక్కర్లేకపోయింది. ఆ సెట్టును డబ్బాలో వేసుకుని, చెప్పులు కూడా తొడుక్కోకుండా పార్కు వైపు పరుగెత్తాడు.

అరుగు మీద బ్యాండు అభ్యాసం జరుగుతోంది. క్లారినెట్టు మధ్యమధ్యలో కీచుమంటోంది, దాని వెనకే పళ్ళు టకటకమంటున్నాయి. మాస్టారు ఇవాళ తాళం కూడా ఆయనే వేసుకుంటున్నారని డోలువాడు పక్కవాడితో అంటున్నాడు. అల్లుడు రొప్పుతూ వెళ్ళి, చిన్న సవరణ మిగిలిపోయిందనీ, ఒక్కసారి పళ్ళు ఇమ్మనీ బతిమాలాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఎవరేం చెప్పినా తియ్యొద్దంది మీ ఆవిడ."

"నేను ఆవిడ భర్తనండీ. ఆ పళ్ళు చేసింది నేనేనండీ."

"భర్త చెప్తే తియ్యొచ్చని ఆవిడ అనలేదు."

అందరి ముందూ నిజం చెబితే పనిగది పేరు పోతుంది. చెప్పకపోతే మామగారి పళ్ళు కచేరీ చేస్తాయి. అల్లుడు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, అవి మా మామగారివండీ అన్నాడు. అరుగు మీద వాద్యాలన్నీ ఒకేసారి ఆగిపోయాయి. ఆ బ్యాండు అంత కలిసికట్టుగా ఏ పాటా ఆపి ఎరగదు. మాస్టారు చాలా మర్యాదగా అటు తిరిగి, పళ్ళు తీసి రుమాల్లో చుట్టి అల్లుడి చేతిలో పెట్టాడు. ఆ తర్వాత బోసినోటితో ఆయనన్న మాటలను విడదీసి చెప్పుకుంటే ఇలా ఉంటాయి: "పరాయి పళ్ళలాగే ఉంటుందని మీ ఆవిడంటే మాటవరసకనుకున్నాను బాబూ."

తన పళ్ళు ఈ పార్కులో కాదు, సరైన కుర్చీలో కూర్చునే పెట్టించుకుంటానని ఆయన కూడా వెంట బయల్దేరాడు. ఇద్దరూ పనిగది చేరేసరికి గుమ్మంలో పెట్టె ఉంది. పెట్టె పక్కన ఉతికిన చొక్కా వేసుకుని మామగారు, ఆయన వెనక సంచీతో అత్తగారు, వాళ్ళకు అడ్డంగా రెండు చేతుల్లో రెండు పైపులు పట్టుకుని భార్య. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ముందు ఇవేమిటో చెప్పండి" అంది ఆమె.

అల్లుడు పెట్టెను చూశాడు. లోపలికి వెళ్ళి పళ్ళను వేణ్ణీళ్ళలో శుభ్రంగా కడిగి తెచ్చి మామగారి ముందు పట్టుకున్నాడు. ఆయన పెట్టుకుని, దవడ ఒకసారి ఆడించి, చాలా మెత్తగా మాట్లాడాడు. తనకు మనసులో ఏమీ లేదన్నాడు. ఒకే గదిలో ఇద్దరు పైపులు పెట్టుకుని కూర్చుంటే పనెవరు చేస్తారన్నాడు. పిల్లనీ, పనిగదినీ చక్కగా చూసుకుంటున్నారు, అంతకంటే ఏం కావాలన్నాడు.

పరాయి పళ్ళు తీసిన మాస్టారిలాగే అల్లుడికి కూడా ఇక దాచుకోవడానికేమీ మిగల్లేదు. ఆయన్ను చెయ్యి పట్టుకుని ఇత్తడి చట్రం దగ్గరికి తీసుకెళ్ళాడు. నమూనా పళ్ళ మధ్య తిన్నని పైపు పెట్టి అది జారడం చూపించాడు. వంపుది పెట్టి అది నిలవడం చూపించాడు.

"ఇవి నా కోసం కాదు మామయ్యగారూ. రోజూ మీరు దవడ రుద్దుకుంటుంటే చూడలేకపోయాను. ఈ పని మీరిచ్చారు, ఈ ఇల్లు మీరిచ్చారు, మీ నోరే నా చేతిలో పెట్టారు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నా పనికి వంక పెట్టలేదు. ఇదంతా మీకెలా చెప్పాలో నాకు తెలీలేదు. అందుకని పైపు కొందామనుకున్నాను."

మామగారు జేబులోంచి విరిగిన పైపు తీసి దానికేసి చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. అల్లుడు కట్టిన పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు.

"వంక పెట్టలేదా? పెట్టకుండా ఉండటానికేరా ఇది," అన్నాడు పైపు ఊపుతూ. "నిన్ను కుర్చీలో కూర్చోబెట్టిన కొత్తల్లో వచ్చినవాళ్ళంతా నిన్ను దాటి నన్నే అడిగేవాళ్ళు. నాకూ నాలుక దురద. నోట్లో పైపున్నవాణ్ణి ఎవరూ సలహా అడగరు. తిన్ననిదైతే నోరు తెరిచానంటే కింద పడుతుంది. అది సుఖంగా ఉండుంటే నేను నోరు మూసుకునేవాణ్ణేనా?"

అల్లుడికి ముందు వినిపించింది ఆ "ఒరేయ్" లాంటి "రా". పెళ్ళైన తర్వాత మళ్ళీ ఇప్పుడే విన్నాడు. ఆ తర్వాతే మిగతాది అర్థమైంది. తన ప్రతి తప్పునూ ఆయన చూశాడు. చూసిన ప్రతిసారీ మాటను పళ్ళ మధ్య నొక్కి పట్టాడు. పళ్ళకు గాడి పడింది దానికి. తీసెయ్యాలని తను తాపత్రయపడిన ఆ నొప్పే తనకు దక్కిన అతి పెద్ద బహుమానం. అల్లుడు సిగ్గుపడకుండా ఏడ్చాడు. పెట్టెలోంచి తువ్వాలు తీసిచ్చింది అత్తగారు. అది ఎక్కడుందో ఆమెకే తెలుసు గదా.

కళ్ళు తుడుచుకుని అతను వంపు పైపును మామగారి చేతిలో పెట్టాడు. "ఇకనుంచి ఇది పెట్టుకోండి. మీకేం తోస్తే అది చెప్పండి. నాకు కావాలి."

మామగారు మొహమాటపడుతూ పెట్టుకున్నాడు. గిన్నె గడ్డం పక్కన ఒదిగిపోయింది. "నోట్లో ఉన్నట్టే లేదురా," అన్నాడు. మాట్లాడినా పైపు పడలేదు. అది గమనించి ఆయనే ఆశ్చర్యపోయాడు. బ్యాండు మాస్టారు అప్పటికి తన సొంత పళ్ళు పెట్టించుకుని అద్దం చూసుకుంటున్నాడు. మామగారు అటు తిరిగి ఒక్కసారి చూసి, పై వరసలో ముందు పన్ను వెంట్రుకవాసి ఎత్తుగా ఉందనీ, క్లారినెట్టు మూతి అక్కడే ఆనుతుందనీ, కాస్త అరగదియ్యమనీ చెప్పాడు. అల్లుడు అరగదీశాడు. మాస్టారు అక్కడే క్లారినెట్టు తీసి ఊదితే గది నిండిపోయింది.

సాయంత్రం పార్కులో ముందు వరస బెంచీ మీద నలుగురూ కూర్చున్నారు. భర్త మీద అనుమానపడ్డందుకు భార్య ఒక పక్క చెయ్యి పట్టుకుంటే, ఇంకో పక్క మామగారు పాటకు తగ్గట్టు పైపు ఊపుతూ కూర్చున్నాడు. కచేరీ అయ్యాక మాస్టారు జనానికంతటికీ కాకుండా ముందు ఆ బెంచీకి దణ్ణం పెట్టాడు. ఎందుకో జనానికి తెలియలేదు, చప్పట్లు మాత్రం కొట్టారు. ఇంటికి వెళ్తూ దారిలో అల్లుడు తిన్నని పైపును దుకాణంలో తిరిగిచ్చేశాడు. అంత తేలికైన మనసుతో అతను ఎప్పుడూ నడవలేదు.

మర్నాటి నుంచి మామగారు మాట్లాడారు. ప్లాస్టరు పలచనైందన్నారు. ఆకురాయి పట్టుకునే తీరు మార్చమన్నారు. వెలుతురు ఎడమ నుంచి రావాలని బల్ల జరిపించారు, సాయంత్రానికి మళ్ళీ జరిపించారు. కూర్చునే పద్ధతి, వంగే పద్ధతి, వచ్చినవాళ్ళను పలకరించే పద్ధతి, పలకరించాక ఊరుకునే పద్ధతి, అన్నీ ఒక్కొక్కటే చెప్పారు. ఆయన చెప్పినవాటిలో ఒక్కటి కూడా తప్పు లేదు. అసలు కష్టమంతా అక్కడే ఉంది. పని మెరుగైంది, వచ్చేవాళ్ళు పెరిగారు, అల్లుడు ప్రతిరోజూ మనసారా ఆయనకు దణ్ణం పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళ నిల్వ సరుకు ఇంకా తరగలేదు. వంపు పైపు ఒక్కసారి కూడా కింద పడలేదు.

వారం గడిచాక అల్లుడు మళ్ళీ పొగాకు దుకాణం మెట్లెక్కాడు. వంపుది సుఖంగా లేదా అని దుకాణదారు ఆదుర్దాగా అడిగాడు. చాలా సుఖంగా ఉందన్నాడు అల్లుడు, అద్దాల బీరువాలో తిన్నని పైపు ఇంకా ఉందా లేదా అని చూస్తూ.

"ఉందండీ. ఇంతకీ అది ఎవరి సుఖానికి?"

జవాబు చెప్పడానికి అల్లుడికి ఈసారి కొంచెం సేపు పట్టింది.